ఆర్థరైటిస్ ఉన్న గుర్రం: ఎక్కడానికి ముందు ఎంతసేపు నడిపించాలి?

పెన్నగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది తాడిపత్రి పక్కన పల్లె. ఇంట్లో ఒక మార్వాడీ ఆడగుర్రం ఉంది. కొన్నప్పుడు ఇచ్చిన కాయితాల ప్రకారం ఇప్పుడు 17 ఏళ్లు, పళ్లు చూసినాయనైతే ఇంకో ఏడాదో రెండేళ్లో ఎక్కువే ఉంటాయన్నాడు. పందేలు లేవు, పెళ్లిళ్లకు పంపేది లేదు. పొద్దున చేను చుట్టూ తిరిగి రావడం, ఆదివారం అయితే పెన్న ఒడ్డున కాస్త దూరం పోవడం, అంతే దాని పని.

పోయిన చలికాలం నుంచి వెనక ఎడమ కాలు బిగుసుకుపోతోంది. బెంగళూరు తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తే హాక్‌లో, అంటే వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే ఆ పెద్ద కీలు దగ్గర, అడుగున ఉండే చిన్న కీళ్లలో ఆర్థరైటిస్ మొదలైందన్నారు. కుడి కాల్లో కూడా కొంచెం ఉందంట. "లైట్‌గా స్వారీ చెయ్యొచ్చు, ముందు బాగా వార్మప్ చేయించండి" అని చెప్పి పంపించారు. బాగా అంటే ఎంతసేపు, ఎట్లా, అది మాత్రం చెప్పలేదు, నేను అడిగేలోపే ఇంకో గుర్రాన్ని లోపలికి తోలుకొచ్చారు.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. పొద్దున కొట్టంలో నుంచి బయటికి తెచ్చేటప్పుడు బండల మీద ఎడమ గిట్ట ముందు అంచు గీసుకుంటూ వస్తుంది, ఆ చప్పుడు వంటింట్లోకి వినపడుతుంది. ఆ కాలి లాడం ముందువైపు గుండ్రం పోయి తిన్నగా అరిగిపోయింది. కొంత దూరం నడిచాక చప్పుడు తగ్గుతుంది, తర్వాత మామూలుగానే పోతుంది. ఎడమకు తిప్పితే మాత్రం అడుగు చిన్నగా వేస్తుంది. నేను ఎక్కేటప్పుడు నడుము కిందికి వంచేస్తోంది, ముందు అట్లా చేసేది కాదు.

ఎక్కడానికి ముందు ఎంతసేపు నడిపించాలి? ట్రాట్, అంటే నడక కంటే వేగంగా పోయే చిన్న పరుగు, ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? మా వైపు నేల గరుసు, లేకపోతే నాపరాయి, ఏటి ఇసుకలో తిప్పితే మేలా? స్వారీకి ముందు ఒక నొప్పి మాత్ర వేసేస్తే సరిపోతుంది కదా అని కూడా ఒకరు సలహా ఇచ్చారు. మా తమ్ముడైతే "ఇంక దాన్ని వదిలెయ్ అన్నా" అంటున్నాడు. నా బరువు 74 కిలోలు, చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

బరాత్_గుర్రం, కడప

అన్నా, మాది పెళ్లి గుర్రాల ఇల్లు, నాయన కాలం నుంచి అదే పని. సిమెంటు రోడ్డు మీద బ్యాండు మోతకు ఎగిరించిన గుర్రాలకు ఈ జబ్బు రావడం మామూలే, కళ్లారా చూసిందే చెప్తా.

నిమిషాల సంగతి తర్వాత. రాత్రంతా దాన్ని ఎట్లా ఉంచుతున్నావో ముందు చూడు. మీ తాడిపత్రిలో ప్రతి కొట్టంలోనూ బండలే పరుస్తారు, నాకు తెలుసు. ఆ బండల మీద పొట్టి తాడుతో కట్టేస్తే పొద్దున్నకు మంచి గుర్రమే కొయ్యబారిపోతుంది, నీది ముసలిది, పైగా కీళ్ల నొప్పి. కంచె ఉన్న జాగా ఉంటే రాత్రి అందులో వదిలెయ్, అదే తిరుగుతా ఉంటుంది, నీ వార్మప్‌లో సగం అక్కడే అయిపోతుంది. కుక్కల భయమంటావా, కొట్టంలోనే తాడు తీసేసి వదులు. బండల మీద గేదెల షెడ్లకు వేసే రబ్బరు మ్యాట్లు వెయ్యి, దాని పైన వడ్ల ఊక. శెనక్కాయ పొట్టు చవకగా దొరుకుతుందని అది పరచొద్దు, చెమ్మ తగిలితే బూజు పడుతుంది, గుర్రం ఊరికే ఉండదు, నములుతుంది.

ఇక నడక. జీను వేసి, పొట్ట కింద పట్టీ వదులుగా పెట్టి, చేత్తో పట్టుకొని ఒక 10 నిమిషాలు నడిపించు. నువ్వు కూడా దాంతోనే నడువు, ఫోన్ చూసుకుంటూ కాదు, దాని వెనక కాళ్లు చూసుకుంటూ. తర్వాత పట్టీ బిగించి ఎక్కి, పగ్గాలు వదులుగా వదిలి ఇంకో 10 నిమిషాలు నడకే. చలికాలం పొద్దున అయితే ఇంకాస్త ఎక్కువ, ఎండాకాలంలో కొంచెం తక్కువైనా పర్వాలేదు. నీ గుర్రం గిట్ట గీసుకునే చప్పుడు నీకు తెలుసు కదా, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఎక్కకు. గడియారం 10 చూపించినా చప్పుడు వస్తుంటే ఇంకా నడిపించాల్సిందే.

ఎక్కేటప్పుడు నేల మీద నుంచి రికాబులో కాలు పెట్టి వేలాడొద్దు. నీ బరువంతా ఒక పక్కకు లాగితే అది పడిపోకుండా కాళ్లు బిగబట్టుకుంటుంది, నడుము వంచేది అందుకే కావచ్చు. అరుగు పక్కన నిలబెట్టి ఎక్కు, అరుగు లేకపోతే రెండు బండలు పేర్చుకో, మీ ఊర్లో బండలకేం కొదవ.

మా వాళ్లలోనే కొందరు చేసే పని ఇంకోటుంది, పొడుగు తాడు కట్టి మధ్యలో నిలబడి గుండ్రంగా పరిగెత్తిస్తారు, "ఒళ్లు వదులవుతుంది" అని. హాక్ బాగాలేని గుర్రానికి అంతకంటే చెడ్డ పని లేదు. చిన్న వలయంలో తిరిగితే ఆ కీలు మెలిపడుతుంది. ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

సీమరైతు

నేను మీ తమ్ముడి పక్షం. 17 ఏళ్ల జీవం, ఎక్స్‌రేలో అరుగుదల కనపడింది, ఎక్కబోతే నడుము వంచి మరీ చెప్తోంది, నోరు లేని జీవం ఇంకెట్లా చెప్పాల? మా ఎద్దు కుంటితే కాడి కట్టం, మీరు మాత్రం వార్మప్ పేరుతో దాని మీదనే కూచోవాలంటారు. చేతకాకపోతే ఎవరికైనా మంచి చేతికి అప్పగించండి.

రిటైర్డ్_వెట్

సీమరైతు గారి బాధ అర్థమైంది, ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. కాకపోతే ఆర్థరైటిస్ ఉన్న గుర్రాన్ని కట్టేసి మేపితే దానికి మేలు జరగదండీ. కీలులో ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే దానికి పోషణ అందాలి, కీలు కదులుతూ ఉంటేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. నిలబెట్టేస్తే కీలు బిగుస్తుంది, కండ కరుగుతుంది, ఒళ్లు వస్తుంది, ఆ ఒళ్లు మళ్లీ అదే కీలు మీద పడుతుంది. అరిగిన మృదులాస్థి తిరిగి రాదు, అది నిజం. కదలిక ఉండాలి, అది స్వారీయే కానక్కర్లేదు.

ఎక్కవచ్చా లేదా అనేది ఆ రోజు గుర్రాన్ని చూసి తేల్చుకోవాల్సిన విషయం. మీరు రాసినట్టు మొదట బిగుసుకొని, నడిచాక సాఫీ అయితే అది ఈ జబ్బు లక్షణమే, తేలిక పని చేయించవచ్చు. నడిచే కొద్దీ కుంటు పెరిగినా, మామూలు నడకలోనే కుంటు స్పష్టంగా కనపడుతున్నా, కీలు చేతికి వేడిగా తగిలినా, కొత్తగా వాచినా, ఆ రోజు జీను దించేయండి. ముందు రోజు పని తర్వాత మర్నాడు పొద్దున ఎక్కువ బిగుసుకుందంటే ముందు రోజు పని ఎక్కువైనట్టే లెక్క. స్వారీ ఎలా జరిగిందో మర్నాటి పొద్దున కొట్టంలో తెలుస్తుంది, దిగినప్పుడు కాదు.

మీ గుర్రానికి వచ్చిన చోటు గురించి ఒక ముక్క. హాక్‌లో పైన ఉండే పెద్ద కీలే కాలిని మడిచేది. అడుగున ఉండే చిన్న కీళ్ల కదలిక చాలా తక్కువ. కొన్ని గుర్రాల్లో ఏళ్లు గడిచే కొద్దీ ఆ చిన్న కీళ్లు ఎముకతో ఎముక అతుక్కుపోతాయి, అప్పుడు నొప్పి తగ్గి గుర్రం మళ్లీ బాగానే పని చేస్తుంది. అన్నిటికీ అలా జరుగుతుందని కాదు, దానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ముందు కాలి కీళ్లకో, గిట్ట లోపలి కీలుకో వచ్చిన ఆర్థరైటిస్‌కు ఈ మాట వర్తించదు, కాబట్టి ఇది చదివి ఇంకొకరు తమ గుర్రానికి అన్వయించుకోవద్దు.

నొప్పి మాత్ర. స్వారీ కోసం మాత్ర వేయడం తప్పు, అందులో సందేహం లేదు. నొప్పి కనపడకుండా పోతే పైన చెప్పిన గుర్తులన్నీ మాయమవుతాయి, కీలు మాత్రం అరుగుతూనే ఉంటుంది. డాక్టర్ చూసి కొన్నాళ్లు మందు వాడమంటే అది వేరు. గుర్రాలకు ఎక్కువగా వాడే ఫినైల్‌బ్యూటజోన్ మోతాదు మించితే కడుపులో, పేగులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఒంట్లో నీళ్లు తక్కువైనప్పుడు మరీ ప్రమాదం. మన అనంతపురం ఎండల్లో ఆ సంగతి మర్చిపోకూడదు. ఇంకో నొప్పి మందుతో కలిపి వేయకూడదు. డైక్లోఫెనాక్ ఇంట్లో ఉంది కదా అని మనుషుల సూది వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పశువులకు అది 2006 నుంచి నిషేధం, ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో పశువులకు నిషేధించారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు, దాని గురించి మీ డాక్టర్‌ను అడగండి. కీలులోకి నేరుగా వేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి, అవి అనుభవం ఉన్నవాళ్ల చేతిలోనే జరగాలి.

చివరగా మీ 74 కిలోలు. ఒక టేపు తీసుకొని మూపు వెనక నుంచి ఛాతీ చుట్టూ ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడుగు కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, దాన్ని పొడుగుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. జీనుతో కలిపి మీ బరువు అందులో 20 శాతం దాటకూడదు. 2008లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 8 గుర్రాల మీద చూస్తే 25, 30 శాతం మోసినప్పుడు కండరాల నొప్పి గుర్తులు ఎక్కువగా కనిపించాయి. అవి కీళ్ల జబ్బు లేని గుర్రాలు. మీ దానికి 20 కంటే తక్కువే పెట్టుకోండి.

ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, బెంగళూరు కంటే మీకు చాలా దగ్గర. గుర్రాలను చూసే డాక్టర్ ఎప్పుడుంటారో ఫోన్ చేసి కనుక్కొని పోండి.

తుంగభద్ర_ఒడ్డున, కర్నూలు

నేల గురించి నేను చెప్తాను, మా ముసలి గుర్రంతో నల్లరేగడి మీద ఏళ్ల తరబడి అవస్థ పడ్డదాన్ని. ఎండాకాలంలో రేగడి పగుళ్లిస్తుంది, గిట్ట ఆ పగులులో పడితే కాలు మెలిపడుతుంది. వాన పడితే ఆ బంక లాడాలను ఊడబెరుకుతుంది, ప్రతి అడుగునూ గుర్రం గుంజి తీసుకోవాలి. ఆ రెంటితో పోలిస్తే మీ గరుసు నేల నయమే, పెద్ద రాళ్లు లేని బాట ఎంచుకుంటే నడకకు బాగుంటుంది. ట్రాట్ మాత్రం దాని మీద వద్దు, తారు రోడ్డు మీద అసలే వద్దు.

ఏటి ఇసుక అనగానే మెత్తన కదా అనిపిస్తుంది. పొడి ఇసుకలో గిట్ట దిగబడిపోతే కీలుకు దెబ్బ తగలదు, నిజమే, కానీ కాలి వెనక స్నాయువులు, కండను ఎముకకు కట్టి ఉంచే ఆ తాళ్లలాంటివి, సాగిపోతాయి. అది ఆర్థరైటిస్ కంటే పెద్ద తలనొప్పి. నీటికి దగ్గరగా తడి ఇసుక గట్టిగా ఉండే చోట పోనివ్వండి, మీ అడుగు వేసి చూసుకోండి, చెప్పు అచ్చు పడి లోపలికి దిగకపోతే చాలు. ఇంకా మంచిది ఎండిన చెరువు అంచు, కొద్దిగా పదును ఉండి చదునుగా ఉంటుంది. శెనక్కాయ పీకేసిన చేలు మెత్తగా ఉంటాయి కానీ గుంతలు, పెళ్లలు ఎక్కువ, నడకకు సరే, అంతకు మించి వద్దు.

ఎక్కిన తర్వాత నేను చేసే పద్ధతి ఇది. ముందు తిన్నగా పోతాను, మలుపులు ఏవైనా వెడల్పుగా, ఊరి గుడి ప్రదక్షిణ చేసినంత. మెడ కిందికి చాచుకుంటే చాచుకోనిస్తాను, పైకి లాగి పట్టుకోను. తర్వాత నడకలోనే ఆపడం, మళ్లీ కదిలించడం, కొంచెం వేగం పెంచడం, తగ్గించడం. ఇవన్నీ సాఫీగా చేస్తుంటే అప్పుడు ట్రాట్, అదీ కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా, నేను జీను మీద లేస్తూ కూర్చుంటూ. మళ్లీ నడక. మొదటి ట్రాట్ గరుకుగా ఉంటుంది, రెండోది, మూడోది మెరుగవ్వాలి. మూడోది కూడా మొదటిలాగే ఉంటే ఇంటికి వచ్చేస్తాం. ఒకే పక్క ఎక్కువ తిప్పను. కాళ్లు పట్టుకొని సాగదీసే వ్యాయామాలు ఉంటాయి కదా, అవి ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు చేయకూడదు, నేను దిగిన తర్వాతే చేస్తాను.

మీరు పొద్దున్నే ఎందుకు ఎక్కుతున్నారు అన్నది నాకు అర్థం కాలేదు. ఏప్రిల్, మేలో తప్పదు, మిగతా నెలల్లో సాయంత్రం పెట్టుకోండి, పగలంతా చేలో తిరిగి ఉంటుంది కాబట్టి అప్పటికే సగం వదులై ఉంటుంది. వారమంతా పెద్దగా కదలకుండా ఆదివారం రెండు గంటలు లాగించడం ఈ గుర్రానికి సరిపడదు. రోజూ అరగంట మేలు. ఇక ఉలవలు. ముసలిది, బలం కావాలి అని మన వాళ్లు ఉడకబెట్టి తెగ పెడతారు. పక్కటెముకలు చేతికి తగలకుండా పోయాయంటే ఉలవలు తగ్గించి గడ్డి పెట్టండి.

సీమరైతు అన్నా, ఎద్దుకు కాడి కట్టకపోయినా మేతకు తోలుకుపోతావు కదా, కొట్టంలోనే కట్టెయ్యవు కదా. ఇక్కడ చెప్పేదీ అదే.

సీమరైతు

అది ఒప్పుకుంటా అక్కా. తోలుకుపోయేది వేరే, మీద ఎక్కేది వేరే, ఆ మాట మీద మాత్రం నేను ఉన్నా.

పెన్నగట్టు

అందరికీ థ్యాంక్స్. టేపుతో కొలిచాం. చుట్టుకొలత 166, పొడుగు 148, లెక్క కడితే 343 కిలోలు వచ్చింది. 20 శాతం అంటే 68 చిల్లర. నేను, 8 కిలోల జీను కలిపితే 82, అంటే దాదాపు 24 శాతం. సీమరైతు అన్న సగం గెలిచినట్టే, నేను దిగిపోవాల్సిందే. మా పాప ఇంటర్ చదువుతోంది, 48 కిలోలు ఉంటుంది, జీనుతో కలిపినా 17 శాతం లోపే. నేను పక్కన నడుస్తాను, అది ఎక్కుతుంది, సాయంత్రం పూట అరగంట. ఆదివారం పెన్న ప్రయాణం మానేస్తున్నాం, లేదా గుర్రాన్ని చేత్తో పట్టుకొని పోతాం.

తాడు తీసేసి కొట్టంలో వదిలాం, మ్యాట్లకు చెప్పాం. ఒక విషయం మిగిలింది. లాడం వేసేటాయన వచ్చినప్పుడు ఎడమ కాలు ఎత్తితే గుంజేసుకుంటోంది, పోయినసారి ఆయనకు తన్ను తగలాల్సింది తప్పింది. మూతికి తాడు బిగించి పట్టుకుందామంటున్నాడు. ఇంకా, డిసెంబర్‌లో రాత్రిళ్లు మీద గోనె పట్టా కప్పితే ఏమైనా ఉపయోగమా?

రిటైర్డ్_వెట్

నడుము, పిరుదుల మీద కప్పితే కండరాలు బిగుసుకోవు, కాబట్టి కప్పండి, కానీ వర్షంలో తడిసిన పట్టా మీద ఉంచితే చలి ఇంకా ఎక్కువవుతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. అమ్మాయి నేర్చుకునే దశలో ఉంటే మొదటి నెల ట్రాట్ జోలికి పోవద్దనండి, జీను మీద దబదబ పడితే 48 కిలోలైనా బరువే.

బరాత్_గుర్రం, కడప

మూతికి తాడు ఎందుకన్నా, దానికి నొప్పి. మామూలు గుర్రానికి ఎత్తినట్టు కాలు పైకి, బయటికి లాగితే హాక్ పూర్తిగా మడుస్తుంది, అందుకే గుంజుకుంటోంది. ఆయన్ని కింద కూచుని పని చెయ్యమను, గిట్ట నేలకు జానెడు ఎత్తులో, పొట్ట కిందికి చక్కగా పట్టుకోవాల, పక్కకు లాగకూడదు. ఒక మేకు కొట్టడం, కాలు దించనివ్వడం, మళ్లీ ఎత్తడం. టైం పడుతుంది, ఆయనకు ఒక వంద ఎక్కువ ఇవ్వు. పనికి ముందు కాసేపు నడిపించి తెచ్చావంటే ఇంకా సులువు. ఆ ఎడమ లాడం ముందు అంచును కాస్త గుండ్రంగా సానబెట్టి వెయ్యమను, గిట్ట ఎత్తేటప్పుడు సులువుగా తిరుగుతుంది, గీసుకోవడం తగ్గుతుంది. ఆరు వారాలకోసారి పిలువు, గిట్ట ముందుకు పొడుగు పెరగనిస్తే నువ్వు పడ్డ కష్టమంతా వృథా. మా దగ్గరికి వచ్చే సాయిబు జమ్మలమడుగు దాకా వస్తాడు, అక్కడికి తోలుకొస్తానంటే చెప్పు, మాట్లాడి పెడతా.